గెడ్డవీధి రాక్షసులు

మాట్లాడటం పని కిందికి రాదని మా నెల్లిపేట పురపాలక సంఘంలో తేలిపోయింది. కమిషనరు వైకుంఠరావు గారు బెంగుళూరులో శిక్షణ ముగించుకుని వచ్చాక తేలింది. అంతకు ముందు అనుమానం మాత్రమే ఉండేది.

ఆయన వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో కొన్ని పల్చటి ఇంగ్లీషు పుస్తకాలు, గళ్ళ కాగితాలు, రంగు పాచికలు ఉన్నాయి. మేం ఎరిగిన పాచికలు కావు. ఒకటి నాలుగు ముఖాలది. ఒకటి ఎనిమిది. ఒకటి ఇరవై. మా ఆఫీసులో అంతకంటే ఎక్కువ ముఖాలున్నవాళ్ళు ఉన్నారు గనక ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"ఇది ఆట అనుకునేరు," అన్నారు కమిషనరు గారు, సిబ్బందినంతా హాల్లో నిలబెట్టి. "ఆట రూపంలో ఉన్న పరిపాలన. విదేశాల్లో దీన్ని ఇప్పుడిప్పుడే కనిపెట్టారు. మనం ముందుండాలి."

ఆయన చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఒకడు రిఫరీ. వాడి దగ్గర ఒక గుహ పటం ఉంటుంది, ఎవరికీ చూపించడు. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం కట్టి, కుర్చీల్లో కూర్చునే ఆ గుహలో తిరుగుతారు. నేనిది చేస్తాను, నేనది చేస్తాను అని నోటితో చెబుతారు. ఫలించిందో లేదో పాచిక చెబుతుంది. గుహలో రాక్షసులుంటారు. వాళ్ళను చంపితే పాయింట్లు. పాయింట్లు పెరిగితే లెవెలు పెరుగుతుంది.

"లెవెలును బట్టే ఇకమీద ప్రమోషన్లు," అన్నారు.

అంతవరకూ గోడకు ఆనుకుని ఉన్నవాళ్ళు కూడా సరిగ్గా నిలబడ్డారు.

వేషాలు పంచారు. నీటి సరఫరా చూసే ఇంజనీరు త్రినాథం గారు వీరుడయ్యారు. శానిటరీ ఇన్స్పెక్టరు మంత్రగాడు. దొంగ వేషానికి పోటీ వచ్చింది. చివరికి సర్వీసు ప్రకారం బిల్లు కలెక్టరుకు ఇచ్చారు. నేను గుమాస్తాని, చదివింది పల్లెటూరి బడి. నా వంతు వచ్చేసరికి వేషాలు అయిపోయాయి.

"సూరన్నా, నువ్వు దివిటీ పట్టుకో," అన్నారు కమిషనరు గారు.

"దివిటీవాడికి పాయింట్లుంటాయా అండీ?"

"ఉండవు. గుహలో చీకటి గదా, ఎవరో ఒకరు పట్టుకోవాలి. సాధారణంగా ముందు చచ్చేది కూడా వాడే."

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను చేస్తున్నది అదే గనక ఒప్పుకున్నాను. కర్రకు గుడ్డ చుట్టి ఇచ్చారు. కిరసనాయిలు నేనే కొనుక్కోవాలి.

మొదటి ఆట శనివారం జరిగింది. కమిషనరు గారు పటం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని గొంతు తగ్గించారు.

"ఒక తలుపు. దాని ముందు ఒక రాక్షసుడు."

"ఏం చేస్తున్నాడండీ?" అన్నాను.

"కూర్చున్నాడు."

"ఎందుకు కూర్చున్నాడో అడిగి చూద్దామా?"

దివిటీ మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు. కమిషనరు గారు పుస్తకాలు తిరగేశారు. చాలాసేపు తిరగేశారు. పోరాటానికి పేజీల కొద్దీ పట్టికలున్నాయి. ఏ కత్తికి ఎంత, ఏ కవచానికి ఎంత, వెనక నుంచి పొడిస్తే ఎంత అన్నీ ఉన్నాయి. మాట్లాడటానికి వచ్చేసరికి రెండు పాచికలు వేసి ఎదుటివాడి మనసు తెలుసుకోవాలని చిన్న పట్టిక, ఆపైన 'రిఫరీ ఇష్టం' అని ఒక ముక్క. అంతే.

"తమ ఇష్టం ఏమిటండీ మరి?"

"అధికారికి ఇష్టాయిష్టాలు ఉండరాదు," అన్నారాయన. "పట్టిక ఉన్నది పని. పట్టిక లేనిది కాలక్షేపం. త్రినాథం గారూ, పొడవండి."

త్రినాథం గారు పొడిచారు. పాచిక పడింది, రాక్షసుడు చచ్చాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

"తలుపు వెనక ఏముందండీ?" అన్నాను.

"నీటి ఊట." పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు. "నియమం అది. రాక్షసుడున్న చోట తిండికీ నీటికీ ఆధారం ఉండి తీరాలి. లేకపోతే ఆ గుహ చెల్లదు."

నాకు ఆ నియమం నచ్చింది. ఎందుకు నచ్చిందో చెబుతాను.

మాది గెడ్డవీధి. పేరులో గెడ్డ ఉంది గాని ఆ వాగు ఎండి ఒక తరం అయింది. వీధికంతా ఒకే బోరింగు. పోయినేడాది మాఘమాసంలో దాని గొలుసు తెగింది. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. బోరింగు దగ్గర బిందె పెడితే వంతు పెట్టినట్టు. మనిషి లేకపోయినా వంతు ఉంటుంది, దాన్ని ఎవరూ జరపరు. గొలుసు తెగిన నాడు కూడా ఆడవాళ్ళు వంతులు పెట్టారు, బాగుచేయగానే పట్టుకోవచ్చని. కొన్నాళ్ళకు మంచి బిందెలు తీసేసి చిల్లు బిందెలు, ఇటుకలు, రాళ్ళు పెట్టారు. మా ఆవిడ సన్యాసమ్మ మాత్రం మంచి సత్తు బిందే ఉంచింది. మెడ దగ్గర చిన్న సొట్ట, అంతే. తన మొగుడు పనిచేసేది ఆ ఆఫీసులోనే గదా, రేపో మాపో గొలుసు వేస్తారని ఆమె ధీమా.

నేను త్రినాథం గారిని అడిగాను. "మాట్లాడదాం సూరన్నా," అన్నారు. మళ్ళీ అడిగాను. "పైవాళ్ళతో మాట్లాడుతున్నాం," అన్నారు. వైశాఖంలో సన్యాసమ్మ రైలుపట్టాల అవతల బియ్యం మిల్లు కుళాయికి నీళ్ళకు వెళ్ళి, వస్తూ దారిలో పడిపోయింది. వడదెబ్బ. కర్మనాడు త్రినాథం గారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఏ అవసరం వచ్చినా మాట్లాడు," అన్నారు.

కాబట్టి మాటల మీద నాకు ప్రేమేమీ లేదు. మాటలకు పాయింట్లు లేవంటే నేను ఏడవలేదు. బిందె మాత్రం ఇంకా బోరింగు దగ్గరే ఉంది. నేను తీయలేదు. వీధిలోవాళ్ళు జరపలేదు.

ఆ తర్వాత ఉత్తర్వు వచ్చింది. నోటీసు బోర్డుకు అంటించింది నేనే.

'ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, సంఘ కార్యకలాపములన్నియు ఇకమీదట పోరాటములు, పోరాటేతరములు అని రెండు తరగతులుగా విభజింపబడినవి. పోరాటములకు మాత్రమే పాయింట్లు ఇవ్వబడును. వినుట, ఓదార్చుట, కారణము తెలుపుట, నమస్కారమునకు ప్రతినమస్కారము చేయుట మొదలగునవి పోరాటేతరములు. వాటిని సిబ్బంది తమ సొంత సమయమందు, సొంత ఖర్చుతో చేసికొనవచ్చును.'

పోరాడాలంటే ఎదుట రాక్షసులు ఉండాలి. శనివారం గుహలో ఉన్న కొద్దిమందీ అయిపోయారు. లెవెళ్ళు ఆగిపోయాయి. సిబ్బంది దిగులు పడ్డారు. కమిషనరు గారు ఆలోచించి, గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో అర్జీదారులున్నారు.

మర్నాటి నుంచి కౌంటరు మీద పాచికలు పెట్టారు. పక్కన నేను దివిటీతో నిలబడాలి, పట్టపగలే. నియమం అది.

మొదట వచ్చింది అసిరితల్లి. మా పక్కింటి ఆవిడ. మా ఆవిడను వదినా అనేది, అంచేత నన్ను అన్నియ్యా అంటుంది. తలమీద ఖాళీ బిందెతో వచ్చింది. ఆఫీసు దాటి మిల్లుకే వెళ్ళాలి గనక దారిలో అడిగిపోవటం ఆమెకు అలవాటు.

"బావూ, మా బోరింగు గొలుసు తెగిపోయి ఏడాది దాటిపోనాది. ఎప్పుడేస్తారు?"

త్రినాథం గారు రెండు పాచికలు వేశారు. "తొమ్మిది." పట్టిక చూశారు. "మీరు సుముఖంగా ఉన్నారు."

"ఎవురు?"

"మీరే."

"నానా? నాకు ఒల్లు మండిపోతంది బావూ!"

"పాచిక అలా అనటం లేదమ్మా. తొమ్మిదికి సుముఖం. కోపం రావాలంటే అయిదులోపు పడాలి."

"అయితే మల్లీ ఎయ్యి."

"ఒక సందర్శనకు ఒకసారే."

త్రినాథం గారు వెనక్కి తిరిగి, "సార్, సుముఖంగా ఉన్న రాక్షసిని ఏం చెయ్యాలి?" అన్నారు.

గదిలోంచి కమిషనరు గారి గొంతు వచ్చింది. "సుముఖత పోరాటేతరం. పొడవండి."

"రాచ్చసెవురు?" అంది అసిరితల్లి.

ఆయన ఇరవై ముఖాల పాచిక వేశారు, తగిలింది. ఎనిమిది ముఖాలది వేశారు, ఆరు పడింది. త్రినాథం గారు మర్యాదస్తుడు. కొంచెం ఇబ్బంది పడ్డారు.

"మీకు ఆరు దెబ్బలమ్మా. మీ ప్రాణం నాలుగే. అంచేత మీరు... స్వర్గస్థులయ్యారు."

"నానిక్కడే నిలబడున్నాను గదా!"

"నియమం ప్రకారం లేరు. స్వర్గస్థుల అర్జీ స్వీకరించబడదు. కొంచెం పక్కకు జరగండి, వెనకవాళ్ళు చావాలి."

అసిరితల్లి నా వైపు తిరిగింది. "అన్నియ్యా, నువ్వు సూస్తన్నావు గదా. నాను సచ్చినానేటి?"

"నన్నడక్కమ్మా," అన్నాను. "నిజం సావుకి ఇక్కడ పట్టిక నేదు."

ఆమె బిందె తలమీద పెట్టుకుని మిల్లు వైపు వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ చంపారు.

ఇక ఆఫీసు కళకళలాడింది. కుక్కలు కరుస్తున్నాయని వచ్చినవాణ్ణి చంపారు. దీపం వెలగటం లేదని వచ్చిన మాస్టారిని బిల్లు కలెక్టరు వెనక నుంచి వచ్చి చంపాడు, వెనక నుంచైతే పాయింట్లు రెట్టింపు. జనన ధ్రువపత్రానికి వచ్చినవాణ్ణి కూడా చంపారు. పాత అర్జీదారే మళ్ళీ వస్తే మళ్ళీ చంపవచ్చా అనే ధర్మసందేహం వచ్చింది. చంపవచ్చునని, పైగా చచ్చి తిరిగి వచ్చినవాళ్ళకు పుస్తకంలో పాయింట్లు ఎక్కువని కమిషనరు గారు తేల్చారు. దాంతో అర్జీదారుల రాక కోసం సిబ్బంది ఎదురుచూడటం మొదలుపెట్టారు. సంఘం చరిత్రలో అది మొదటిసారి.

జనం కూడా అలవాటు పడ్డారు. వచ్చేది ఎక్కువగా మా గెడ్డవీధివాళ్ళే. ముసలివాళ్ళు గుమ్మంలోకి రాగానే, "నాను సచ్చిపోనాను బావూ, రాసీసుకో," అని చెప్పి ఫ్యాను కింద కాసేపు కూర్చుని వెళ్ళేవారు. అసిరితల్లి మాత్రం అలా కాదు. రోజూ నిలబడి అడిగి చచ్చేది.

ఒకరోజు ఆమె కౌంటరు మీద చెయ్యి చాపింది. "ఆ బిళ్ళ నాకొకటియ్యి. నువ్వే ఎయ్యడవేటి? నానూ యేస్తాను."

"కుదరదమ్మా," అన్నారు త్రినాథం గారు. "రాక్షసుల తరఫున రిఫరీ గారే వేస్తారు."

"నా తరపున ఆయినా? మరి ఆయినెప్పుడేసినాడు?"

"వారు చాలా పనుల్లో ఉంటారు."

ఎండలు ముదిరాయి. అసిరితల్లి కోడలు నెలలు నిండి ఉంది, బిందె ఎత్తలేదు. రైలుపట్టాల అవతలికి అసిరితల్లి ఒక్కతే పోతోంది, వస్తోంది. ఆమె నడక చూస్తే నాకు తెలుస్తోంది. పోయినేడు ఆ నడక నా ఇంట్లో చూశాను. ఈ వైశాఖం దాటుతుందని నాకు నమ్మకం లేదు. దాటకపోతే ఆఫీసులో ఎవరికీ తేడా తెలియదు. వాళ్ళ లెక్కలో ఆమె ఎప్పుడో పోయింది.

త్రినాథం గారు తొమ్మిదో లెవెలుకు చేరారు. పెద్ద ఇంజనీరు పదవికి ఆయన పేరు పంపారు. రాక్షస సంహారంలో ఆ ప్రాంతంలోని పురపాలక సంఘాలన్నింటిలో మాదే మొదటి స్థానం. అది చూసి ప్రాంతీయ సంచాలకులు పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు.

ఆయన వస్తున్నారంటే నేను కొంచెం ఆశపడ్డాను, బుద్ధి ఉన్నవాడేమోనని. జీపు దిగుతూనే ఆయన జేబులోంచి సొంత పాచికలు తీశారు. అవి దంతంతో చేసినవి. ఆశ వదులుకున్నాను.

"ఒకే వీధిలో ఇన్ని వధలా, వైకుంఠరావు గారూ!" అన్నారు సంచాలకులు. "అద్భుతం. ఆ స్థావరం చూడాలి."

"స్థావరమా సార్?"

"రాక్షసులు గాలిలోంచి ఊడిపడరు కదా. స్థావరం ఉంటుంది. నియమం. పదండి."

గెడ్డవీధికి వెళ్ళాం. ముందు నేను దివిటీతో, వెనక సంచాలకులు, ఆ వెనక కమిషనరు గారు, త్రినాథం గారు. మిట్టమధ్యాహ్నం. వీధిలోవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. సంచాలకులు గళ్ళ కాగితం మీద ఇళ్ళు గీసుకుంటూ, "చాలా సహజంగా ఉంది. చాలా సహజంగా ఉంది," అని మెచ్చుకున్నారు. బోరింగు దగ్గర ఆగారు. ఇటుకలు, రాళ్ళు, చిల్లు బిందెలు వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక మంచి బిందె.

ఆయన బోరింగు పిడి ఎత్తారు. అది చచ్చిన చెయ్యిలా పడిపోయింది.

"నీటి ఆధారం ఏది?"

సంచాలకులు వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చూశారు.

"వీళ్ళు ఏం తాగి బతుకుతున్నారు?"

"మాట్లాడుతున్నాం సార్," అన్నారు త్రినాథం గారు. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చింది. "పైవాళ్ళతో మాట్లాడుతున్నాం."

"మాటలకు పట్టిక ఎక్కడుంది?" అన్నారు సంచాలకులు.

త్రినాథం గారు కమిషనరు గారి వైపు చూశారు. కమిషనరు గారు దివిటీ వైపు చూశారు.

"వైకుంఠరావు గారూ, మీరు నియమాలు చదివారా? నీటి ఆధారం లేని స్థావరం చెల్లదు. చెల్లని స్థావరంలోని రాక్షసులు చెల్లరు. చెల్లని రాక్షసులను చంపితే పాయింట్లు చెల్లవు. నేను అన్నీ రద్దు చేయవలసి ఉంటుంది."

"అన్నీనా సార్?"

"లెవెళ్ళతో సహా. మనుషులకు నీళ్ళున్నాయా లేదా అన్నది నాకు సంబంధం లేదు, అది పోరాటేతరం. కాని రాక్షసులకు లేకపోవటం తీవ్రమైన నిర్వహణ లోపం. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను."

అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

త్రినాథం గారు స్కూటరు ఎక్కడం నేను చాలాసార్లు చూశాను. అంత వేగంగా ఎక్కడం అదే మొదలు. సంచాలకులు మంచినీళ్ళు అడిగి, లేవని తెలుసుకుని, సోడా తెప్పించుకుని తాగేలోపు త్రినాథం గారు తిరిగి వచ్చారు. వెనక సీటు మీద మెకానిక్కు, మెకానిక్కు మెడలో కొత్త గొలుసు. గ్రీజు ఇంకా ఆరలేదు.

"గొలుసు ఎక్కడిదండీ?" అన్నాను.

"స్టోరులోదేనయ్యా."

స్టోరు నా కుర్చీ వెనక గది.

"ఎప్పుడొచ్చిందండీ?"

"ఎప్పట్నించో ఉంది. ఇమ్మని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా," అన్నారు, ముఖం తుడుచుకుంటూ.

దివిటీ కొంచెం ఆయనకు దగ్గరగా పట్టుకున్నాను. ఆయన దూరంగా జరిగారు.

గొలుసు వేయటానికి పెద్దసేపు పట్టలేదు. ఒక మనిషి ప్రాణం పోయిన పని, సోడా గోళీ కొట్టినంత సులువుగా అయిపోయింది. మెకానిక్కు పిడి పట్టుకోబోతే సంచాలకులు వారించారు. "తొమ్మిదో లెవెలు వీరులు కదా, వారే కొట్టి చూపించనీయండి. రాక్షసులు తాగటం నేను కళ్ళారా చూడాలి."

త్రినాథం గారు చొక్కా చేతులు మడిచి కొట్టటం మొదలుపెట్టారు. ముందు గాలి. తర్వాత తుప్పు. తర్వాత నీళ్ళు.

వీధి వీధంతా ఊడిపడింది. ఇటుకలు, రాళ్ళు ఒక్కొక్కటీ పక్కకు పోయాయి, వాటి జాగాలో అసలు బిందెలు వచ్చాయి. వంతు ఎవరూ తప్పలేదు. అసిరితల్లి బిందె నిండింది. ఆమె ముందుగా ముఖం కడుక్కుని, దోసిలితో తాగి, బిందె పక్కకు దించింది. సంచాలకులు కాగితం మీద టిక్కు పెట్టారు. "ఒక రాక్షసి తాగింది."

తర్వాతది సొట్ట బిందె. దాని వెనక ఎవరూ నిలబడి లేరు. త్రినాథం గారు చెయ్యి ఆపారు.

"ఇదెవరిది?"

నేను నోరు విప్పలేదు. అసిరితల్లి విప్పింది.

"సన్నేసమ్మ వొదినది."

త్రినాథం గారు నన్ను చూసి, చూపు దించుకుని, బిందెను కాలితో కొంచెం పక్కకు నెట్టబోయారు. "పోయినవాళ్ళ బిందె అమ్మా ఇది. తర్వాతవాళ్ళు రండి."

అసిరితల్లి ఆ బిందె మీద చెయ్యి వేసింది.

"నన్నెన్నిసార్లు సంపినావు బావూ నువ్వు?"

ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు.

"నాను పట్టుకోనేదేటి? సచ్చినోల్లకి నీల్లు రావని ఇప్పుడు సెప్తన్నావు. ఈదంతా నువ్వు సంపినోల్లే. ఏదీ, మమ్మల్నందరినీ పొమ్మను సూద్దాం. ఒంతు ఒంతే. కొట్టు."

ఆయన సంచాలకుల వైపు చూశారు. సంచాలకులు పుస్తకం తిరగేశారు. వంతుకు పట్టిక దొరకలేదు.

"కొట్టు," అంది అసిరితల్లి.

త్రినాథం గారు కొట్టారు. మెడ దగ్గర సొట్ట దాటి, అంచుదాకా, పొర్లేదాకా కొట్టారు. అలసిపోయారు. చెమట కారుతోంది. ఆపుదామని ఒకటి రెండుసార్లు చూశారు గాని ఆపమని నేను చెప్పలేదు. నా మీద ఆయనకు జాలి ఉన్నట్టు ముఖం పెట్టారు. ఆ ముఖం ఆయన దగ్గరే ఉంచుకోమన్నట్టు నేను అటు తిరిగాను.

దివిటీని కింద పొర్లిన నీళ్ళలో ముంచాను. ఆరింది. బిందె భుజానికి ఎత్తుకుని ఇంటికి పోయాను.

స్థావరం చెల్లింది. లెవెళ్ళు నిలిచాయి. బోరింగు పక్కన ఇప్పుడొక బోర్డు ఉంది, 'రాక్షస స్థావరం, నీటి ఆధారం కలదు' అని. దాన్ని నిలబెట్టిన స్తంభానికి అసిరితల్లి మనవడి గుడ్డలు ఆరేస్తోంది. గొలుసు తెగితే బాగుచేయటానికి రెండు పూటలు కూడా పట్టటం లేదు. మనుషులమని ఎవరూ అర్జీ పెట్టుకోవద్దని వీధిలో గట్టిగా చెప్పాను.

ఆ మధ్యాహ్నం పనికి త్రినాథం గారు పాయింట్లు అడిగారట. కమిషనరు గారు ఇవ్వలేదు. నీళ్ళు కొట్టటం పోరాటేతరం.